ఒకే పేరు, రెండు యంత్రాలు: సీమ ఎండల్లో ఆర్‌టీఎక్స్ 5060 డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా?

దుకాణంలో రెండు డబ్బాల మీదా ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్పు పేరు ఒకటే కనిపిస్తుంది: ఆర్‌టీఎక్స్ 5060. ఒకటి డెస్క్‌టాప్‌లో బిగించే కార్డు, ఇంకొకటి ల్యాప్‌టాప్. మెమరీ కూడా రెండింట్లో 8 జీబీ జీడీడీఆర్7. పేరు ఒకటే కాబట్టి పని కూడా ఒకటే అనుకోవడం సహజం. లోపల చూస్తే లెక్క మారుతుంది. 2025 మేలో వచ్చిన డెస్క్‌టాప్ కార్డులో 3,840 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు) ఉన్నాయి, దానికి 145 వాట్ల దాకా కరెంటు అందుతుంది. ల్యాప్‌టాప్ చిప్పులో 3,328 కోర్లు. దానికి 45 నుంచి 100 వాట్ల మధ్య ఎంత ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసే కంపెనీ ఇష్టం. పలచగా, అందంగా ఉన్న మోడల్‌లో 60 వాట్లే ఇచ్చినా డబ్బా మీద మాత్రం 5060 అనే ఉంటుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. యంత్రం ఇంట్లో ఒక గదిలో ఉండిపోయేదైతే కర్నూలు, అనంతపురం, కడపల్లో డెస్క్‌టాపే కొనండి. హాస్టల్‌కూ ఇంటికీ తిరిగే విద్యార్థికి ల్యాప్‌టాప్ తప్పదు. ఆ ల్యాప్‌టాప్‌ను వాట్లు అడిగి కొనాలి. ఈ మాట అనడానికి ఫ్రేముల (తెర మీద సెకనుకు మారే బొమ్మల) లెక్క ఒక కారణమే. అంతకంటే పెద్ద కారణాలు మన ఎండ, మన దుమ్ము, మన కరెంటు.

వేడి

ఇంటర్నెట్‌లో చూసే పరీక్షలు దాదాపు అన్నీ చల్లటి గదుల్లో, 25 డిగ్రీల లోపు చేసినవి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో బయట 42 దాటడం మామూలే. పై అంతస్తులో మిద్దె కింద గది పగలంతా కాలి, రాత్రి ఏడెనిమిదికి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. ఆటకు కూర్చునేది సరిగ్గా ఆ వేళకే. గాలితో చల్లబడే ఏ యంత్రానికైనా సూత్రం ఒకటే: గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి చిప్పు కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 25 డిగ్రీల గదికీ 38 డిగ్రీల గదికీ తేడా 13. ఈ 13 ఎక్కడ కలుస్తుందన్నదే అసలు ప్రశ్న.

గాలి ధారాళంగా ఆడే మెష్ కేబినెట్‌లో రెండు ఫ్యాన్ల కార్డు చల్లటి గదిలో 65 డిగ్రీల దగ్గర నడుస్తుందనుకోండి. 13 కలిపితే 78. ఫ్యాన్ చప్పుడు పెరుగుతుంది, అంతే. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ చల్లటి గదిలోనే 90 దాటి, 95ను తాకుతుంటుంది. దానికి 100 దగ్గర గోడ ఉంది. గ్రాఫిక్స్ చిప్పుకు చాలా మోడళ్లలో 87 దగ్గర. కలపడానికి చోటు లేదు కాబట్టి యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు చక్కగా నడిచి, అరగంటకు ఫ్రేములు జారిపోవడానికి కారణం ఇదే. ఆట పాడవలేదు, వైరస్ ఎక్కలేదు, విండోస్ మళ్లీ వేసినా బాగుపడదు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వెనక అంచును ఒక అంగుళం ఎత్తు లేపితే కింద నుంచి గాలి అందుతుంది. ఏమీ కొనకుండా చేయగలిగిన పనుల్లో ముందుగా చేయాల్సింది ఇదే. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి దించితే టర్బో (ప్రాసెసర్ కాసేపు వేగం పెంచుకోవడం) ఆగిపోతుంది, వేడి చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. గ్రాఫిక్స్ మీద భారం పడే పెద్ద ఆటల్లో దీనివల్ల ఫ్రేములు పెద్దగా పడవు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్ మీద నడిచే ఆటలు కాబట్టి వాటిలో తేడా కనిపిస్తుంది. ఆటలోనే ఫ్రేములను 90 దగ్గర కట్టేయడం ఇంకో మార్గం. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే మాత్రం పైవేవీ పనిచేయవు.

వేడికి ముందుగా పాడయ్యేది బ్యాటరీ. చార్జర్ పెట్టి 100 శాతం నిండుగా ఉంచి, 40 డిగ్రీల గదిలో రోజూ మూడు గంటలు ఆడితే లిథియం బ్యాటరీ తొందరగా ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, నొక్కితే గట్టిగా తగిలినట్టు ఉంటే అది బ్యాటరీ ఉబ్బడమే. వెంటనే వాడకం ఆపి మార్పించాలి. కొన్న రోజే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి చార్జింగ్ హద్దును 80 శాతానికి పెట్టుకోండి. కొన్ని మోడళ్లలో 60 కూడా పెట్టొచ్చు.

డెస్క్‌టాప్‌ను పాడుచేసే అలవాటు మన ఇళ్లలో ఒకటుంది. గోడలో కడప బండలతో కట్టిన గూట్లోకి కేబినెట్‌ను తోసేస్తారు. మూడు వైపులా మూసి ఉండడంతో వెనక నుంచి వచ్చిన వేడి గాలి తిరిగి ముందుకే చేరుతుంది. 15 వేల కేబినెట్ కొన్నా అక్కడ దండగే. వెనక జానెడు, పైన జానెడు ఖాళీ ఉండాలి. నేల మీద కూడా వద్దు. తడిగుడ్డ పెట్టేటప్పుడు నీళ్లు, ఊడ్చేటప్పుడు దుమ్ము నేరుగా లోపలికి వెళ్తాయి. అడుగు ఎత్తు స్టూల్ చాలు.

నీళ్ల కూలర్ గాలి నేరుగా యంత్రం మీదకు కొట్టేలా పెట్టకండి. గది చల్లబడితే యంత్రానికి మంచిదే. కానీ ఆ తడిగాలికి ఫ్యాన్ రెక్కల మీదున్న దుమ్ము పేస్టులా అతుక్కుంటుంది, బ్లోయర్ పెట్టినా రాదు. ఆరేడు అడుగుల దూరం, పక్కకు తిప్పి.

దుమ్ము

అనంతపురం ఎర్రమట్టి పొడి చాలా మెత్తన. వానలు తక్కువ, గాలి ఎక్కువ. మార్చి నుంచి జూన్ దాకా రెండు నెలలకోసారి, మిగతా కాలంలో నాలుగు నెలలకోసారి శుభ్రం చేయాలి. డెస్క్‌టాప్‌లో ఇది పావుగంట పని: స్విచ్ ఆపి, వైరు పీకి, ముందున్న జాలీ తీసి కడిగి ఆరబెట్టి, లోపల చేతి బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. అది గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది.

ల్యాప్‌టాప్‌లో దుమ్ము ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య దూదిపొరలా పేరుకుంటుంది. బయటి నుంచి ఊదితే ఆ పొర ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. అడుగు మూత విప్పి, ఫ్యాన్ ఊడదీసి, పొరను చేత్తో లాగేయాలి. అక్కడే ఒక హెచ్చరిక. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాపుల్లో ప్రాసెసర్ మీద మామూలు పేస్టు బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది. అది కరెంటు పారే లోహం. హీట్‌సింక్ లేపినప్పుడు చుక్క బోర్డు మీద పడితే బోర్డు పోయినట్టే. దుమ్ము తీయడానికి హీట్‌సింక్ లేపాల్సిన అవసరం లేదు. రిపేరు కుర్రాడు "పేస్టు కూడా మార్చేద్దాం సార్" అన్నప్పుడు లోపల ఏముందో మోడల్ పేరుతో చూసుకున్నాకే ఒప్పుకోండి.

కరెంటు

డెస్క్‌టాప్ కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా.

రైజెన్ 5 7600, 5060 కార్డు, ఒక మానిటర్ కలిపి ఆట నడుస్తున్నప్పుడు గోడ నుంచి 300 నుంచి 330 వాట్లు లాగుతాయి. ల్యాప్‌టాప్ 180 చుట్టూ. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు డెస్క్‌టాప్ 40 యూనిట్లు, ల్యాప్‌టాప్ 22 యూనిట్లు. వేసవిలో ఫ్యాన్లు, కూలర్లతో ఇప్పటికే పై శ్లాబు అంచున ఉన్న ఇంటికి ఆ తేడా బిల్లులో తెలుస్తుంది.

కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ ఆరిపోదు. అది దాని పెద్ద బలం. కానీ బ్యాటరీ మీద గ్రాఫిక్స్ చిప్పుకు పూర్తి వాట్లు అందవు, ఫ్రేములు బాగా పడిపోతాయి. పని సేవ్ చేసుకోవడానికి సరిపోతుంది, మ్యాచ్ ఆడటానికి సరిపోదు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ విడిగా కొనాలి. దుకాణదారు చేతిలో పెట్టే 600 వీఏ యూపీఎస్ అంటే 360 వాట్లే. వీఏను 0.6తో గుణిస్తే చౌక యూపీఎస్‌ల అసలు వాట్లు వస్తాయి. 330 వాట్ల భారానికి అది నిమిషం కూడా నమ్మకంగా నిలవదు. 1000 లేదా 1100 వీఏ తీసుకోండి. షట్‌డౌన్ చేసుకోవడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. దానికి కేబినెట్, మానిటర్, రౌటర్ మాత్రమే తగిలించండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకన్నది తరచూ వచ్చే ప్రశ్న. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు పంచే పెట్టె) కరెంటు లేకుండా ఓర్చుకోగలిగేది 16 మిల్లీసెకన్ల చుట్టూ. ఇన్వర్టర్‌లో రెండు మోడ్లుంటాయి. యూపీఎస్ మోడ్‌లో మారడానికి పట్టే సమయం ఆ హద్దులో ఉంటుంది కాబట్టి డెస్క్‌టాప్ ఆరదు. ఎకో లేదా నార్మల్ మోడ్‌లో అంతకంటే ఎక్కువ పడుతుంది, యంత్రం రీస్టార్ట్ అవుతుంది. వెనక చిన్న స్విచ్ ఉంటుంది, చూసి మార్చుకోండి. అందులోనూ ఒక చిక్కుంది. యూపీఎస్ మోడ్ వోల్టేజీ విషయంలో పట్టింపు ఎక్కువ, సుమారు 180 దిగిందంటే బ్యాటరీకి మారిపోతుంది. మోటార్లు ఆడే సమయంలో వోల్టేజీ పడిపోయే పల్లెల్లో ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదకు వెళ్లి, రాత్రికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. అలాంటి చోట ముందు స్టెబిలైజర్, తర్వాత ఇన్వర్టర్. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ అయి ఉండాలి. పాత స్క్వేర్‌వేవ్ వాటి మీద మంచి ఎస్ఎంపీఎస్‌లే ఎక్కువగా గొడవ చేస్తాయి: గుయ్యిమని శబ్దం, ఉన్నట్టుండి ఆగిపోవడం.

ఎస్ఎంపీఎస్ కొనేముందు లేబుల్ చదవండి. ఇన్‌పుట్ అన్న చోట 100-240 అని ఉన్నది తక్కువ వోల్టేజీని తట్టుకుంటుంది. 200-240 అని ఉన్నది వోల్టేజీ 180కి పడితే యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తుంది. ధర తేడా వెయ్యీ రెండు వేలు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర రెండింటి మీదా ఉంటుంది కాబట్టి ఆ ముద్ర ఈ సంగతి చెప్పదు. 5060కి 550 వాట్లు చాలని ఎన్విడియా సూచన. 650 తీసుకుంటే రేపు పెద్ద కార్డుకీ పనికొస్తుంది. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే "500 వాట్ల" ఎస్ఎంపీఎస్‌ను గ్రాఫిక్స్ కార్డుకు తగిలించకండి. అది పోతూ పోతూ కార్డునూ బోర్డునూ వెంట తీసుకుపోతుంది.

ఇక ఎర్తింగ్. కేబినెట్ ముట్టుకుంటే జుమ్మంటోందంటే ఎర్త్ లేదని అర్థం. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు బాడీకి వస్తుంది, ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు చెయ్యి జివ్వుమనడం కూడా చాలావరకు ఇదే. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి: ఫేజ్-న్యూట్రల్ మధ్య 230 చుట్టూ, ఫేజ్-ఎర్త్ మధ్య కూడా అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఎర్త్ గుంత ఉన్నా వేసవిలో మన నేల ఎండి బీటలు వారితే అది పనిచేయదు. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయడం కంప్యూటర్ ఒక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ రక్ష.

ల్యాప్‌టాపే కావాలంటే

జేఎన్‌టీయూ అనంతపురంలోనో, ట్రిపుల్ ఐటీడీఎం కర్నూల్లోనో, ఇడుపులపాయలోనో హాస్టల్లో ఉండే పిల్లలకు డెస్క్‌టాప్ కొనమని చెప్పడం అన్యాయం. రెండున్నర కిలోల ల్యాప్‌టాప్, దాని ఇటుక లాంటి చార్జర్, అంతే సంచి.

కొనేముందు దుకాణంలోనే యంత్రం ఆన్ చేయించి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. మాక్సిమం గ్రాఫిక్స్ పవర్ అన్న వరుసలో ఎన్ని వాట్లో ఉంటుంది. 5060కి అది 100, డైనమిక్ బూస్ట్ (ప్రాసెసర్ వాటా నుంచి అప్పటికప్పుడు వచ్చే అదనపు వాట్లు) కలిపి 115 ఉంటే తీసుకోవచ్చు. 75కి లోపలైతే ఆ ధర పెట్టకండి. తర్వాత మక్స్ స్విచ్ (గ్రాఫిక్స్ చిప్పును నేరుగా తెరకు కలిపేది) ఉందో లేదో అడగండి. లేకపోతే బొమ్మ అంతా ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండా తెరకు చేరి, కొన్ని ఫ్రేములు దారిలోనే పోతాయి. తెర 144 హెర్ట్జ్ అని గొప్పగా రాసి, రంగుల దగ్గర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని చిన్న అక్షరాల్లో ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని ఉన్నది వెతకండి. ర్యామ్ ఒకే స్టిక్ వేసి అమ్మే మోడళ్లు చాలా. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర రెండు స్లాట్లలో ఎన్ని నిండాయో కనిపిస్తుంది. ఒకటే ఉంటే రెండోదానికయ్యే ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి కాబట్టి అది ఇప్పుడు చిన్న ఖర్చు కాదు.

5070 ల్యాప్‌టాప్‌కు ఎక్కువ డబ్బులు పోయకండి. 2025లో వచ్చిన మోడళ్లలో అందులోనూ 8 జీబీ మెమరీయే. కొత్త ఆటల్లో టెక్స్‌చర్లు హైలో పెట్టినప్పుడు ముందు నిండిపోయేది ఆ మెమరీ. ల్యాప్‌టాపుల్లో 12 జీబీ కావాలంటే ఆ మోడళ్లలో 5070 టీఐ దాకా వెళ్లాలి. డెస్క్‌టాప్‌లో 5060 టీఐకే 16 జీబీ రకం దొరుకుతుంది.

డెస్క్‌టాప్ కట్టించేటప్పుడు

ధర పోల్చేటప్పుడు ఒక మోసపాటు ఉంది. దుకాణదారు చెప్పేది టవర్ (కేబినెట్, దాని లోపలి భాగాలు) ధర. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు, వైఫై, బ్యాటరీ, విండోస్ అన్నీ ఉంటాయి. టవర్ ధరకు మానిటర్, యూపీఎస్, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ కలిపితే సుమారు 20 వేలు పైన పడుతుంది. విండోస్ లైసెన్సు వేరే. అన్నీ కలిపాకే రెండూ పోల్చండి. అలా పోల్చినప్పుడు మొదటి రోజు ధరలో డెస్క్‌టాప్ పెద్దగా చౌక కాదు. దాని లాభం మూడేళ్ల తర్వాత వస్తుంది: కార్డు ఒక్కటే అమ్మి కొత్తది వేసుకోవచ్చు. ఏఎం5 సాకెట్ (రైజెన్ ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బోర్డు తీసుకుంటే ప్రాసెసర్ కూడా అదే బోర్డులో మారుతుంది. ల్యాప్‌టాప్‌లో మారేవి ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండే.

రైజెన్ 5 7600 డబ్బాలో కూలర్ వస్తుంది, నడుస్తుంది. మన ఎండలకు నాలుగు రాగి గొట్టాల టవర్ కూలర్ వేయించుకుంటే మేలు. నీళ్ల కూలింగ్ ఈ స్థాయి ప్రాసెసర్‌కు దండగ ఖర్చు. బోర్డులో వైఫై ఉందో లేదో ముందే చూడండి. ఇంటెల్ తీసుకుంటే చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదు, కార్డు రిపేరుకు వెళ్తే తెర నల్లగానే ఉంటుంది.

బిగించి ఇంటికి తెచ్చాక ఎదురయ్యే పొరపాట్లు ఎప్పుడూ అవే. మానిటర్ వైరు బోర్డుకు తగిలించడం: దాన్ని కిందనున్న గ్రాఫిక్స్ కార్డుకు పెట్టాలి. 165 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే వదిలేయడం. ర్యామ్ రెండు స్టిక్కుల్ని పక్కపక్కన గుచ్చడం: నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చేయకపోవడం: చేయకపోతే 6000 వేగం ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించడం కూడా జరుగుతుంటుంది. ఆన్ చేసిన నిమిషంలో ప్రాసెసర్ 95కి ఎగబాకితే ముందు అనుమానించాల్సింది దాన్నే. విండోస్ 11లో వాలరెంట్ తెరిస్తే వ్యాన్ 9001 అని లోపం చూపిస్తే కార్డు తప్పేమీ లేదు. బయాస్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులూ ఆన్ చేయాలి. డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే ముందు జీపీటీకి మార్చాలి, లేకపోతే సెక్యూర్ బూట్ పెట్టాక విండోస్ తెరుచుకోదు.

బిల్లు

అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి విడిభాగాలు తెచ్చుకోవడం మామూలే. రెండు దారులూ 200 కిలోమీటర్ల పైచిలుకు. నాలుగైదు వేలు మిగలొచ్చు. కానీ గ్రాఫిక్స్ కార్డుకు సాధారణంగా మూడేళ్ల వారంటీ, ఎస్ఎంపీఎస్‌కు మూడు నుంచి ఐదేళ్లు. ఆ మధ్యలో ఒక్క భాగం పోయినా మళ్లీ అదే దారి పట్టాలి, లేదా కొరియర్‌లో పంపి వారాలు ఎదురుచూడాలి. ఊళ్లో దుకాణం రెండు వేలు ఎక్కువ చెప్పినా "వారంటీకి మీరే పంపి తెప్పిస్తారా" అని అడగండి. అవునంటే ఆ రెండు వేలు ఇవ్వడం న్యాయమే. బిల్లు మీద ప్రతి భాగం పేరు, సీరియల్ నంబరు విడివిడిగా రాయించుకోండి. "అసెంబుల్డ్ సిస్టమ్ - 1" అని ఒక్క వరుసలో రాసిచ్చిన బిల్లుతో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్లోనూ పని జరగదు. డబ్బాలు మూడేళ్లూ అటక మీద ఉంచండి.

ల్యాప్‌టాప్‌కు సాధారణంగా ఒక ఏడాదే వారంటీ. మీ పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి చేసే సర్వీస్ ఉందో లేదో కొనకముందే కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. ఉంటే మూడేళ్లకు పొడిగించుకోండి. ఏడాది దాటాక బోర్డు పోతే, ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్పు దాని మీదే అతికి ఉంటాయి కాబట్టి, ఆ రిపేరు ఖర్చు ల్యాప్‌టాప్ ధరలో సగం దాకా పోగలదు. పొడిగింపు కొనడానికి గడువు కూడా ఉంటుంది, చాలా కంపెనీలు మొదటి వారంటీ నడుస్తుండగానే కట్టమంటాయి.